లొరీన్ పేరున పులుసు

అట్లాంటా
మార్చి 6, 2022

పెద్దమ్మకు జానెల్ రాసేది,

ఫోనులో పంపినవేవీ నువ్వు చూడలేదని మీ చర్చి సిస్టర్ బ్యూలా చెప్పింది. చెవులు ఎలాగూ పోయాయి, ఆ చీమతలకాయంత అక్షరాల కోసం కళ్ళు కూడా పోగొట్టుకోనని అన్నావట. అందుకని కాగితం మీద, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. చేతిరాత బాగాలేదని మాత్రం అనకు. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదానివి, అంటావని తెలుసు.

సంగతి ఏమిటంటే, నేనూ టమీకా కలిసి ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాం. టమీకా నీకు గుర్తుండే ఉంటుంది. అమ్మ అంత్యక్రియల రోజు ఎవరూ అడక్కుండానే నీ వంటింట్లో గిన్నెలన్నీ తోమిపెట్టిన పొడుగమ్మాయి. పాడ్‌కాస్ట్ అంటే రేడియో కార్యక్రమం లాంటిదే, కాకపోతే ఎవరికి తీరినప్పుడు వాళ్ళు ఫోనులో పెట్టుకుని వింటారు. పేరు ‘మారు వడ్డన’. మన నల్ల ఆడవాళ్ళ వంటలు, ఆ వంటల వెనక మనుషులు, మధ్యలో మా కబుర్లు. స్టూడియో లేదు. టమీకా బట్టల గదిలో చలికోట్ల మధ్య ఇరుక్కుని కూర్చుని మాట్లాడతాం. కోట్లు ప్రతిధ్వనిని మింగేస్తాయట. మేం చెమటలు కక్కుతాం.

మొదటి భాగంలో, బంగాళాదుంప సలాడ్ ఎవరు కలిపారో తెలియకుండా ఎక్కడా ముట్టకూడదన్న విషయం మీద ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. రెండోది అమ్మ బెండకాయ పులుసు మీద చేశాను. “మీ అమ్మకి ఎవరు నేర్పారు?” అని టమీకా అడిగింది. “ఎవరూ నేర్పలేదు, ఆ చెయ్యే అంత” అన్నాను. నీ గురించి కూడా చెప్పాను. ఆ భాగం ఇప్పటికి మూడు వేలమంది విన్నారు. నువ్వు వినలేవన్నదొక్కటే నాకు లోటు.

జింకలు ఈ ఏడు కూడా నీ కొల్లార్డ్ కూర మళ్ళ మీద పడుతున్నాయా? జవాబు రాయి.

నీ
జానెల్


సెయింట్ హెలీనా దీవి
మార్చి 21, 2022

జానెల్‌కు,

ప్రభువు దయ వల్ల నేను బాగానే ఉన్నాను. జింకలు నాకంటే బాగున్నాయి. కొల్లార్డ్ మడి ఒకటి పూర్తిగా మేసేశాయి. రెండోదానికి పాత చేపల వల కట్టించాను.

నిన్న ప్రార్థన అయ్యాక సిస్టర్ బ్యూలా నన్ను తన కారు దగ్గరికి పిలిచింది. నీ కార్యక్రమం విందట. వినడమే కాదు, గాయకబృందం మొత్తానికి వినిపించిందట. నా గురించి నువ్వేమన్నావో ఆరాధన క్రమం కాగితం వెనకవైపు రాసి చూపించింది. “అమ్మ పోయాక మా పెద్దమ్మ వంటింటికి తాళం వేసింది” అన్నావట. గాయకబృందంలో వాళ్ళు నన్ను జాలిగా చూశారు. ఒకావిడ ఇవాళ పొద్దున్నే కోడికూర గిన్నె కూడా తెచ్చి ఇచ్చింది. ఉప్పు ఎక్కువైంది.

నా వంటింటికి తాళం లేదు. రోజూ పొయ్యి వెలిగిస్తూనే ఉన్నాను. నా సంగతి మూడు వేలమందికి చెప్పే ముందు నన్నొక్కదాన్ని అడగాల్సింది.

పులుసు గురించి ఏం చెప్పావో పూర్తిగా రాసి పంపు. బ్యూలా రాతలో సగం అక్షరాలుండవు.

పెద్దమ్మ వర్డెల్


అట్లాంటా
ఏప్రిల్ 3, 2022

పెద్దమ్మా,

సిస్టర్ బ్యూలా కారు ఇంజను ఆపకుండా విన్నట్టుంది. నేనన్నది, “అమ్మ పోయాక మా పెద్దమ్మ తన ఇంటి తాళం నాకిచ్చి, వంటిల్లు నీది, ఎప్పుడైనా వచ్చి వండుకో అంది” అని. ఆ మాట చెప్తుంటే టమీకా నాకో చలికోటు చెయ్యి అందించి కళ్ళు తుడుచుకోమంది. కోడికూర తెచ్చినావిడకి నా తరఫున క్షమాపణ చెప్పు.

మొత్తం టైపు చేయించి దీనితో జతచేస్తున్నాను. పదకొండు పేజీలు. మా నవ్వులు తీసేస్తే ఏడే అయ్యేవి.

వింటున్నవాళ్ళు ఉత్తరాలు రాస్తున్నారు పెద్దమ్మా. మేకన్ నుంచి ఒక నర్సు, డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడు మా మాటలు వింటే తన అక్కచెల్లెళ్ళతో బండిలో పోతున్నట్టుంటుందని రాసింది. ఆమెకి అక్కచెల్లెళ్ళు లేరట. డెట్రాయిట్‌లో ఒక పెద్దావిడ అమ్మ పులుసు వండి ఫోటో పంపింది. జూన్ పందొమ్మిదిన, మనవాళ్ళకి బానిసత్వం తప్పిన విముక్తి దినం నాడు, అందరం ఒకచోట కూర్చుని భోంచేద్దామనుకుంటున్నాం. ఇక్కడి చర్చి హాలు తీసుకున్నాం. ఒక్కొక్కరూ తమ ఇంటి వంట ఒకటి తెస్తారు. నడిమధ్య బల్ల మీద పెద్ద బానతో, అమ్మ పేరున, ‘లొరీన్ పులుసు’ పెడతాను. ఆ పేరు రాసిన గుడ్డ కూడా కుట్టించాను. నువ్వు రావాలి.

నీ
జానెల్


సెయింట్ హెలీనా దీవి
ఏప్రిల్ 18, 2022

జానెల్‌కు,

పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. టమీకా మంచి మాటకారి. మేకన్ నర్సు సంగతి బాగుంది. తాళం విషయంలో నాదే పొరపాటు. కోడికూర గిన్నె కడిగి తిరిగి ఇచ్చాను.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదువు. ఆ పులుసుని లొరీన్ పులుసు అనకు. అది ఆల్తియాది.

ఆల్తియా నీకు తెలియదు. మా ఇంటికి మైలు దూరంలో, రేవు మలుపులో ఉంటుంది. బడిలో నేనూ ఆమె ఒకే బల్ల మీద కూర్చున్నాం. శనివారాలు ఇద్దరం విసురు వలతో రొయ్యలు పట్టేవాళ్ళం. పెద్దయ్యాక ఆమె వంతెన అవతల ఒక హోటల్లో వంటకి కుదిరింది, నేను టీచరునయ్యాను. బెండకాయ ముక్కలు పంది కొవ్వులో జిగురు పోయేదాకా వేయించడం, రొయ్యల పొట్టు ఉడికించిన నీళ్ళు పొయ్యడం, చివర్లో వేయించిన నువ్వుల పొడి చల్లడం, ఇదంతా ఆమె నా పెరట్లోనే చేసి చూపించింది. మీ అమ్మ పక్కన నిలబడి నోటు పుస్తకంలో రాసుకుంది.

1989లో చర్చి కప్పు బాగుచేయించే డబ్బు కోసం వంటల పుస్తకం ఒకటి వేసి అమ్మాం. ముప్పై ఒకటో పేజీలో ‘లొరీన్ బెండకాయ పులుసు’ అని ఉంది. ఆల్తియా పేరు ఎక్కడా లేదు. ఆ ఆదివారం ఆమె నా వెనక రెండు వరసల అవతల కూర్చుని ఆ పేజీ తెరిచింది, చూసింది, పుస్తకం మూసేసింది. నేను ఆమె మొహం చూశాను. తర్వాత తల తిప్పుకున్నాను.

మీ అమ్మని అడగలేదు. అడిగితే సొంత చెల్లెల్ని దొంగ అనాల్సి వస్తుంది. ఆల్తియాకి ఎదురుపడలేకపోయాను. దుకాణంలో కనబడితే అవతలి వరసలోకి పోయేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆమె వేరే చర్చికి మారింది. ముప్పై మూడేళ్ళయింది.

నేను నోరు మూసుకున్నాను. నువ్వు మైకు పెట్టి చెప్తున్నావు. అది ఇంకా పెద్ద తప్పు.

పెద్దమ్మ


అట్లాంటా
ఏప్రిల్ 29, 2022

పెద్దమ్మా,

అమ్మ దొంగ అని చెప్పడానికి ముప్పై మూడేళ్ళు ఆగి, ఆమె జవాబు చెప్పలేని రోజు చూసుకున్నావు.

ఉత్తరం టమీకాకి చదివి వినిపించాను. “మీ పెద్దమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు” అంది. నాకు దానిమీదా కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఆ వారం కార్యక్రమం రాలేదు. నూట పదిమంది మీకేమైందని రాశారు.

ఒక మాట అడుగుతాను. అందరూ అమ్మ పులుసుని మెచ్చుకుంటుంటే నువ్వెప్పుడూ ఒక్క గరిటె కూడా వేసుకోలేదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఇష్టం లేదేమో అనుకునేదాన్ని. అసూయ అని ఇప్పుడు అనిపిస్తోంది. ఆమెకి పెళ్ళయింది, నేను పుట్టాను, వంటలో పేరొచ్చింది. నీకు బడి మాత్రమే ఉంది.

గుడ్డ కుట్టడం అయిపోయింది. పేరు తియ్యను.

జానెల్


సెయింట్ హెలీనా దీవి
మే 9, 2022

జానెల్‌కు,

నీ ఇష్టం.

పులుసు ఎందుకు వేసుకోలేదంటే, వేసుకుంటే అది ఎవరిదో తెలిసి తిన్నట్టవుతుంది. అసూయ కాదు. బడి నాకు తక్కువ కాదు. దానితో నేను తృప్తిగానే బతికాను.

విందుకి రాను. వర్షాలు పట్టాయి, రోడ్డు బురదగా ఉంది.

వర్డెల్


సెయింట్ హెలీనా దీవి
జూన్ 27, 2022

జానెల్‌కు,

శనివారం నీ నీలం కారు ఆల్తియా గేటు ముందు పది గంటలనుంచి మూడున్నరదాకా ఉందని బ్యూలా చెప్పింది. నమ్మలేదు. కారు నంబరు కూడా రాసి చూపించింది.

నాలుగున్నర గంటల దూరం బండి నడుపుకుని వచ్చి, వంతెన దాటి, నా ఇంటి మలుపు దాటి, ఆమె ఇంటికి పోయావు. నా ఇంటి ముందు ఆపలేదు. ఆ రోజు నేను వసారాలోనే కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను. నీ కారు పోయే ఉంటుంది, నేను తలెత్తలేదు, శబ్దం తెలియదు కదా.

నామీద ఏం చెప్పడానికి పోయావో తెలియదు. ఆమె ఏం చెప్పిందో కూడా తెలియదు. తెలుసుకోవాలని ఉందో లేదో అది కూడా తెలియదు.

వర్డెల్


అట్లాంటా
జూలై 5, 2022

పెద్దమ్మా,

నీ ఇంటి ముందు ఆపితే నువ్వు వెళ్ళొద్దనేదానివి, నేను వెళ్ళేదాన్ని కాదు. ఆమె చెప్పింది విన్నాక, నిన్ను అన్న మాటలు తలుచుకుని నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. అందుకే తిరుగు దారిలోనూ ఆపలేదు. తప్పే.

ముందు విందు సంగతి. అరవై రెండుమంది వచ్చారు. ఎర్ర షర్బత్తు తొమ్మిది రకాలు. బంగాళాదుంప సలాడ్లు నాలుగు, ఒక్కోదాని మీద చేసినావిడ పేరు, ఊరు రాసిన చీటీ. ఎవరూ ఎవరినీ అంతకుముందు చూడలేదు, అయినా పావుగంటలో ఒకరి జడ ఒకరు సవరించుకుంటున్నారు. టమీకా గరిటె పైకెత్తి, “జానెల్, దీని పేరు చెప్పు” అంది. గుడ్డ నా చేతిసంచీలోనే ఉంది. బయటికి తియ్యలేకపోయాను. “మా దీవి పులుసు” అన్నాను. మేకన్ నర్సు మూడుసార్లు వడ్డించుకుని, “నువ్వులు వేశారు కదా. మా అమ్మమ్మ తర్వాత నువ్వులు వేసినవాళ్ళని చూడలేదు. ఎవరు నేర్పారమ్మా?” అంది.  మర్నాడే మిస్ ఆల్తియా ఫోను నంబరు వెతికాను.

శనివారం వెళ్తే, మా మాటలు రికార్డు చేసుకోనిచ్చింది. అందులో ముఖ్యమైనది ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట మార్చలేదు.

“రా, కూర్చో. లొరీన్ కూతురివి కదూ. నడకలోనే తెలుస్తోంది.”

“బెండకాయ పులుసు మీదేనా, మిస్ ఆల్తియా?”

“నాదే. అంటే మా నాయనమ్మది. అంతకుముందు ఎవరిదో ఆవిడకే తెలీదు.”

“మరి మా అమ్మ తన పేరు వేసుకుంది.”

“నేనే వెయ్యమన్నాను.”

“మీరా?”

“ఆ. అప్పుడు నేను పనిచేసే హోటలాయన, తెల్లాయన, నేను వండినవన్నీ తనవే అనేవాడు. నా పులుసుకి తన పేరు పెట్టి, వంటల జాబితాలో అచ్చువేయించి బల్లల మీద పెట్టాడు. చర్చి పుస్తకంలో నా పేరుతో కనిపిస్తే మర్నాడు నన్ను పనిలోంచి తీసేస్తాడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. అలాగని ఆ పులుసు ఆయన పేరు మీదే మిగిలిపోతే నాకు ప్రాణం ఒప్పలేదు. మీ అమ్మని పిలిచి, ‘నీ పేరు వెయ్యవే పిల్లా, కనీసం మనవాళ్ళ పేరు మీద ఉంటుంది’ అన్నాను. ఒప్పుకోలేదు. నెల రోజులు పోరాను. ఆఖరికి సరే అంది. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నా.”

“మా పెద్దమ్మకి కూడానా?”

“ముఖ్యంగా మీ పెద్దమ్మకి. ఆ టీచరమ్మకి అబద్ధం ఇముడుతుందా? తెలిస్తే తిన్నగా హోటలుకి పోయి ఆయనతో కొట్లాడేది. నా పని పోయేది.”

“అయితే ఆవిడతో మాట్లాడడం ఎందుకు మానేశారు?”

“నేనా మానేసింది? పుస్తకం వచ్చిన ఆదివారం నావంక చూసి తల తిప్పేసుకుంది. సరే, చదువుకున్న మనిషికి వంటమనిషి స్నేహం నామోషీ అయిందేమో అనుకున్నా. మా ఆయన పోయినప్పుడు దీవి మొత్తం వచ్చింది. ఆవిడ రాలేదు. పులుసు సంగతి నేనెప్పుడో మర్చిపోయానమ్మా. ఆ రోజు మాత్రం మర్చిపోలేదు.”

పెద్దమ్మా, ఇంతే. అమ్మ ఒట్టు తప్పలేదు. నాకు కూడా చెప్పలేదు. నువ్వు అబద్ధం చెప్పలేదు, అమ్మా తప్పు చెయ్యలేదు. అసూయ అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకోనిస్తావో లేదో నీ దయ.

దీన్ని కార్యక్రమంలో పెట్టాలా వద్దా నువ్వే చెప్పు. మిస్ ఆల్తియా మాత్రం, “ఆయనా పోయాడు, హోటలూ పోయింది, ఇంక నాకెవరి భయం?” అంది.

జానెల్


సెయింట్ హెలీనా దీవి
ఆగస్టు 4, 2022

నా జానెల్‌కు,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. కాగితం మీద తేలే సంగతి కాదని అర్థమై, పోయిన గురువారం పొద్దున్నే టోపీ పెట్టుకుని ఆల్తియా ఇంటికి నడిచాను. మైలు దూరం ముప్పై మూడేళ్ళలో ఏమీ పెరగలేదు. నా మోకాళ్ళే పాడయ్యాయి.

ఆమె వసారాలో పీతలు ఒలుస్తోంది. లావైంది. నన్ను చూసి లేవలేదు. పక్కనున్న దుకాణం సంచీ చింపి దానిమీద పెన్సిలుతో రాసి చూపించింది: “ఏమే, దారి తప్పావా?”

“క్షమించు” అన్నాను.

“దేనికి? విడివిడిగా చెప్పు” అని రాసింది.

చెప్పాను. తల తిప్పుకున్నందుకు, దుకాణంలో అవతలి వరసకి పోయినందుకు, వాళ్ళాయన శవపేటిక దగ్గరికి రానందుకు. చెల్లెలి దొంగతనానికి సిగ్గుపడి మొహం చాటేశానని, ఆమె స్నేహం తక్కువై కాదని చెప్పాను. ఆమె వింటూ పీతలు ఒలుస్తూనే ఉంది. కాసేపటికి రాసింది: “ఒక్కసారి వచ్చి అడిగితే ఏం పోయేదే? మొండిదానా.” ఆ తర్వాత ఇంకో కత్తి నా చేతిలో పెట్టింది. మిగిలిన పీతలు ఇద్దరం ఒలిచాం.

మధ్యాహ్నం పులుసు వండింది. నేను తిన్నాను. రెండోసారి కూడా వేసుకున్నాను. తింటుండగా ఆమె సంచీ కాగితం తన ముందుకి లాక్కుని చాలాసేపు రాసింది. మాటలు తక్కువే, చేతులు వణుకుతాయి పాపం. “లొరీన్ పులుసు నా పులుసు కంటే బాగుండేది. నువ్వుల పొడిలో కాస్త మిరియం కలిపేది. నాకు తట్టలేదు. ఆ మాట దానికి ఎప్పుడూ చెప్పలేదు.”

అందుకని ఆల్తియా మాట ఇది. పేరు మార్చొద్దంది. లొరీన్ పేరునే ఉండనివ్వమంది. కాకపోతే ఆ పేరు ఎలా వచ్చిందో మొదటినుంచీ చెప్పమంది, హోటలాయన సంగతి ఏమీ తగ్గించకుండా. వచ్చే నెల మొదటి శనివారం నువ్వూ టమీకా మైకు పట్టుకుని ఆమె వంటింటికి రండి. మేకన్ నర్సు ఖాళీగా ఉంటే ఆమెని కూడా తీసుకురండి. పడకలు నా ఇంట్లో.

నేనూ మాట్లాడతాను. ఇప్పుడు నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు. అరుస్తున్నానని బ్యూలా అంటుంది. మీరు తగ్గించుకోండి. నేను చెప్పేది ఎక్కువ లేదు. మీ అమ్మ పోయే ముందు వారం, ఆసుపత్రిలో, ఒక మధ్యాహ్నం నువ్వు కాఫీ తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళావు. అప్పటికి నాకింకా వినబడేది. అది నా చెయ్యి పట్టుకుని, “అక్కా, ఇన్నేళ్ళుగా నేనేదో చేసినట్టు చూస్తావు. నేనేం చేశాను?” అని అడిగింది. నాకు తెలుసు ఏమడుగుతోందో. “ఏమీ లేదు, పడుకో” అన్నాను. నేను అడిగి ఉంటే, ఆ ఒక్కసారికి ఒట్టు తప్పేదేమో. లేకపోతే నవ్వేదేమో. అది పడుకుంది.

ఆ మాట చెప్తాను. నేను చెప్పేంతసేపూ టమీకాని మధ్యలో మాట్లాడొద్దని చెప్పు.

మీ
వర్డెల్ పెద్దమ్మ